బొటనవేలి చదువు

వేలిముద్ర అంటే మన ఇళ్ళల్లో ఒకప్పుడు ఎంత నామోషీ! చదువు రానివాణ్ణి ఎగతాళి చేయాలంటే "వేలిముద్రగాడు" అనేవాళ్ళు. దస్తావేజులో పేరు రాసి పక్కన "నిశానీ" అని రాశారంటే, ఆ మనిషికి అక్షరం ముక్క రాదని ఊరంతా చాటినట్టే. రాత్రిబళ్ళకి వెళ్ళిన ఆడవాళ్ళలో చాలామంది ముందు నేర్చుకోవాలనుకున్నది అ ఆలు కాదు, తమ పేరు. వంకరటింకరగానైనా ఆ నాలుగక్షరాలూ గీయగలిగిన రోజున, సిరా అంటిన బొటనవేలిని చీర కొంగుకి తుడుచుకునే అవస్థ తప్పింది గదా అని మురిసిపోయారు.

కాలం ఎంత చిత్రమైనదో చూడండి. ఈనాడు ఎం.ఏ. చదివినావిడా, కోర్టులో వాదించే ప్లీడరమ్మా, కంప్యూటరు ఇంజనీరూ - అందరం మళ్ళీ వేలు చాపుతున్నాం. సిమ్ కార్డు కొనాలంటే వేలు. రేషను కొట్లో వేలు. బ్యాంకు ప్రతినిధి దగ్గర డబ్బు తీసుకోవాలంటే వేలు. అక్షరాలు నేర్చుకుని ఒదిలించుకున్న వేలిముద్ర యంత్రం రూపంలో తిరిగొచ్చి మన చెయ్యి పట్టుకుంది.

ఇప్పుడీ వేలి గొడవ ఎందుకంటారా? 2022 అక్టోబరులో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ డిగ్రీ చదివేవాళ్ళకీ, పీజీ చదివేవాళ్ళకీ సైబర్ భద్రత అనే పాఠానికి సిలబస్ విడుదల చేసింది. లెక్కలు చదివే పిల్లా, చరిత్ర చదివే పిల్లవాడూ కూడా చదువుకోదగ్గ పాఠం అది. అందులో చట్టం ఉంది, యంత్రం ఉంది, మధ్యలో దొంగ ఉన్నాడు. మన పిల్లలు చదివే చదువేమిటో మనకీ కాస్త తెలియాలి గదా. నన్నడిగితే, ఆ పాఠానికి మన బొటనవేలిని మించిన వాచకం లేదు. దాని వెనక నూటఅరవై ఏళ్ళకి పైబడిన చరిత్ర ఉంది. అందులో సగం మన దేశంలోనే జరిగింది. చివరి అధ్యాయం మన తెలుగునాట రిజిస్ట్రారాఫీసుల్లో జరిగింది.

మొదటి అధ్యాయం బెంగాలులో. 1858 జూలై. సిపాయిల తిరుగుబాటు ఇంకా పూర్తిగా చల్లారలేదు. జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే తెల్లదొర, రోడ్డు పనికి సరుకు తెచ్చి ఇస్తానన్న రాజ్యధర్ కోనాయ్ అనే ఆయనతో ఒప్పందం రాయించుకున్నాడు. రేపు ఈ సంతకం నాది కాదంటాడేమోనని దొరకి అనుమానం. ఆఫీసు సీలు వేసుకునే సిరా ఆయన అరచేతికి పూసి, ఆ చెయ్యి కాగితం వెనక అద్దించాడు. బెదిరించడానికి చేసిన పనే గానీ, అప్పటికి దాని వెనక శాస్త్రమేమీ లేదు. తరవాత తరవాత ఆయనకి అదే పిచ్చి పట్టుకుంది. ఏళ్ళ తరబడి ముద్రలు తీసి దాచి, మనిషి ముసలివాడైనా వేలి గీతలు మారవని గ్రహించాడు. 1877లో హుగ్లీలో మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు పింఛనుదార్లకీ, దస్తావేజులు రిజిస్టరు చేయించుకునేవాళ్ళకీ వేలిముద్ర పద్ధతి పెట్టాడు. పింఛనూ, దస్తావేజూ! ఈనాటికీ మన ఇళ్ళలో పెద్దవాళ్ళు వేలు పెట్టేది ఆ రెండింటికే గదా.

ముద్రలు తీయడం తేలికే. లక్ష ముద్రల్లోంచి కావలసినదాన్ని వెతికి పట్టుకోవడమెలా? ఇక్కడే మన అమ్మమ్మలు గుర్తుకొస్తారు. పురిటిబిడ్డ గుప్పిట విప్పి, వేళ్ళమీద చక్రాలెన్ని, శంఖాలెన్ని అని లెక్కపెట్టి జాతకం చెప్పేవారు. 1890ల్లో బెంగాలు పోలీసు శాఖలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు ఉద్యోగులు అచ్చం ఆ లెక్కే వేశారు, కాకపోతే జాతకం కోసం కాదు. ఏ వేలి మీద చక్రం ఉంది, ఏ వేలి మీద లేదు అని పది వేళ్ళకీ చూసుకుంటే 1,024 రకాలు తేలతాయి. ఆ ప్రకారం అరలు కట్టి, ఏ ముద్ర ఏ అరలో ఉంటుందో చిటికెలో చెప్పే పద్ధతి తయారుచేశారు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వెలిసింది. నాలుగేళ్ళ తరవాత, 1901లో, లండను స్కాట్లండ్ యార్డు ఆ పద్ధతి పుణికిపుచ్చుకుంది. పేరు మాత్రం పైఅధికారి ఎడ్వర్డ్ హెన్రీది. లెక్క కట్టినవాళ్ళ పేరు కిందా, కుర్చీలో కూర్చున్నవాడి పేరు పైనా ఉండటం మనకి కొత్తేమీ కాదు.

ఇక చట్టం సంగతి. 1872 నాటి సాక్ష్యాల చట్టంలో వేలిముద్ర ఊసే లేదు. దాన్ని కోర్టులో నిపుణుడి చేత చెప్పించవచ్చునని 1899లో సవరణ చేసి చేర్చారు. హెర్షెల్ దొర సిరా పూసిన నాటి నుంచి లెక్కేస్తే నలభై ఒక్క ఏళ్ళు! యంత్రమో, ఉపాయమో ముందు పరుగెత్తడం, చట్టం వెనక రొప్పుకుంటూ రావడం ఆనాటి నుంచీ ఉన్నదే. ఈ ఆలస్యం పాపం చట్టం తప్పు కాదు. జరిగిందాన్ని చూసి గదా అది మాట్లాడాలి! కాకపోతే ఆ మధ్య కాలంలో ఎవరు నష్టపోతారన్నదే ప్రశ్న.

ఇప్పుడు బెంగాలు నుంచి మన డెల్టాకి వద్దాం. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కృష్ణ నీళ్ళు పొలాల్లోకి మళ్ళాక, తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో మాగాణి పెరిగింది. మాగాణితోపాటు కాగితమూ పెరిగింది. అమ్మకాలు, తనఖాలు, భాగపంపకాలు, దానాలు. రిజిస్ట్రారాఫీసు ముందు చెట్టు కింద బల్లలు వేసుకున్న దస్తావేజు లేఖర్లు, స్టాంపు వెండర్లు, సాక్షి సంతకానికి సిద్ధంగా తిరిగే పెద్దమనుషులు - ఈ దృశ్యం చూడని డెల్టా కుటుంబం ఉండదు.

అక్కడికి ఆడవాళ్ళు ఏ పనిమీద వెళ్ళేవారో కూడా మనకి తెలుసు. పసుపు కుంకుమల కింద పుట్టింటివారిచ్చిన ఎకరం అమ్మడానికి వెళ్ళేవారు, అదీ మొగుడి అప్పు తీర్చడానికి. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. మన దగ్గర ఇరవై ఏళ్ళ ముందే వచ్చిందని సంతోషించేలోగా "హక్కు విడుదల దస్తావేజు" అనే మాట ఊళ్ళలో బాగా వినబడసాగింది. అన్నదమ్ములతో తగువెందుకు, పుట్టిల్లు దూరమవుతుందేమోనన్న బెంగతో, చట్టం ఇచ్చిన హక్కుని అదే రిజిస్ట్రారాఫీసులో వేలిముద్ర వేసి తిరిగిచ్చినవాళ్ళు ఎందరో. అంచేత ఆడవాళ్ళ వేలిముద్రలు దస్తావేజుల్లో తక్కువేమీ లేవు. ఈ సంగతి కాస్త జ్ఞాపకం పెట్టుకోండి.

రిజిస్ట్రేషన్ చట్టం 1908 నాటిది. అందులో 57వ సెక్షను చాలా మంచిది. స్థిరాస్తి దస్తావేజులు నకలు చేసే పుస్తకాన్ని రుసుం కట్టి ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. వీలునామాల పుస్తకానికి మాత్రం ఆ వెసులుబాటు లేదు. పొలం సంగతి బహిరంగంగా ఎందుకుండాలి? ఒకే పొలాన్ని ఇద్దరికి అమ్మే మహానుభావులు అన్ని కాలాల్లోనూ ఉంటారు గనక. కొనబోయేవాడు వెళ్ళి వెనకటి లావాదేవీలు చూసుకోవాలి. అదీ న్యాయమే. పైగా ఆ రోజుల్లో చూడాలంటే ఆఫీసుకి వెళ్ళాలి, గుమస్తా దయ సంపాదించాలి, బరువైన పుస్తకాలు దింపించాలి. బహిరంగమే గానీ బహుదూరం.

ఆ దూరాన్ని 1998 చెరిపేసింది. ఆ ఏడాది నవంబరు 4న ఆంధ్రప్రదేశ్‌లో "కార్డ్" అనే పథకం మొదలై, 214 సబ్ రిజిస్ట్రారాఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. రోజుల తరబడి తిప్పించుకునే ఈసీ కాగితం కాసేపట్లో చేతికొచ్చేసరికి జనం ముక్కున వేలేసుకున్నారు. అదే నెల 22న ప్రధాని వాజ్‌పేయి హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభించారు. అదే 1998లో హైదరాబాదులో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. అదే 1998లో ట్రిపుల్ ఐటీ కూడా వెలిసింది. ఒకే ఏడాదిలో ఒకే నగరంలో న్యాయం చదివే కొత్త బడీ, కంప్యూటరు చదివే కొత్త బడీ, కంప్యూటరెక్కిన దస్తావేజూ! కథ రాసేదాన్ని గనక నాకీ కలయిక ఎంతో ముచ్చటేసింది. కాకపోతే లా బడి తరవాత శామీర్‌పేట చేరింది, కంప్యూటరు బడి గచ్చిబౌలిలో ఉంది. ఊరికి ఆ కొస ఒకటీ, ఈ కొస ఒకటీ.

మూడేళ్ళ తరవాత, 2001 సెప్టెంబరులో, పార్లమెంటు రిజిస్ట్రేషన్ చట్టంలో 32-ఎ అనే సెక్షను చేర్చింది. ఇకమీదట దస్తావేజు దాఖలుచేసే ప్రతివారూ ఫొటో అంటించాలి, వేలిముద్రలు వేయాలి. పొలం చేతులు మారేటప్పుడు కొన్నవారివీ అమ్మినవారివీ కూడా ఉండాలి. సంతకం వచ్చినా సరే, పట్టా పుచ్చుకున్న పండితుడైనా సరే. దీని ఉద్దేశం ఎంత మంచిదో చెప్పక్కర్లేదు. అసలావిడ ఇంట్లో ఉండగా ఇంకో ఆవిణ్ణి తెచ్చి "ఈవిడే ఫలానా" అని సబ్ రిజిస్ట్రారు ముందు నిలబెట్టే మోసాలకి ఇది అడ్డుకట్ట. పాపం ఆ చట్టం రాసినవాళ్ళు దొంగని ఆపుదామనే రాశారు.

ఇప్పుడు మూడింటినీ కలిపి చూడండి. దస్తావేజు అందరూ చూడదగ్గదన్నది 1908. కంప్యూటరెక్కించి, దరిమిలా ఇంటి దగ్గర్నించే నకలు చూసుకునే వీలు కల్పించింది 1998 తరవాతి కాలం. దాని మీద వేలిముద్రలు తప్పనిసరి చేసింది 2001. విడివిడిగా మూడూ మంచి పనులే. కలిస్తే ఏమైంది? లక్షలమంది వేలిముద్రలు వీధి గుమ్మంలో ముగ్గులా అందరికీ కనబడేట్టు పరిచినట్టయింది. అప్పటికి నష్టమేమీ లేదు. కాగితం మీది సిరా మచ్చతో ఎవడేం చేసుకుంటాడు?

ఈలోగా ఆధార్ వచ్చింది. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని టెంభ్లీ అనే పల్లెలో ఒక స్త్రీకి మొదటి నంబరు ఇచ్చారు. దానితో బ్యాంకు ఖాతా ముడిపడింది. ఆధార్ చెల్లింపు పద్ధతి అని ఒకటి వచ్చింది. కార్డు అక్కర్లేదు, పిన్ను అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. ఆధార్ నంబరూ, బ్యాంకు పేరూ చెప్పి వేలు పెడితే, ఊళ్ళో బ్యాంకు ప్రతినిధి ఒక విడతకి పదివేల రూపాయల దాకా ఇస్తాడు. అక్షరం రాని ముసలమ్మకి బ్యాంకు గుమ్మం ఎక్కకుండా డబ్బు చేతికందడం చిన్న మేలు కాదు. నేను వేళాకోళం చేయడంలేదు. ఇదీ మంచి పనే. నాలుగో మంచి పని.

ఆ నాలుగో మంచి పనితో కాగితం మీది సిరా మచ్చ తాళంచెవి అయి కూర్చుంది. 2018 జూన్‌లో తెలంగాణలో ఒకతను పట్టుబడ్డాడు. పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డుల వ్యాపారి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుంచి దస్తావేజులు దించుకుని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు స్టాంపు చేసే పద్ధతిలోనే నకిలీ వేళ్ళు చేయించి, జనం పేర్లమీద వేల సిమ్ కార్డులు పుట్టించాడు. అదీ ఎందుకనుకున్నారు? కంపెనీ పెట్టిన అమ్మకాల టార్గెట్ పూర్తిచేయడానికట! 2022లో మరో ముఠా ఇంకో అడుగు ముందుకేసింది. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోని ముద్రలతో నకిలీ వేళ్ళు చేసి బ్యాంకు ఖాతాల్లోంచి డబ్బే తీశారు. వాళ్ళని సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు.

ఇందులో గుండె కలుక్కుమనే సంగతి ఒకటుంది. వేలిముద్ర చదివే యంత్రం గీతలు ఎక్కడ ఆగిపోయాయి, ఎక్కడ రెండుగా చీలాయి అని చూస్తుంది. ముగ్గులో చుక్కలూ మెలికలూ గుర్తుపెట్టుకున్నట్టే. నాట్లు వేసీ, పసుపు కొమ్ములు ఏరీ, అంట్లు తోమీ అరిగిపోయిన చేతుల మీద ఆ గీతలు సరిగ్గా కనబడవు. రేషను కొట్లో పెద్దమ్మలు పదిసార్లు వేలు నొక్కి, కొంగుకి తుడుచుకుని, తిరిగి నొక్కడం మీరూ చూసే ఉంటారు. జీవితమంతా కష్టపడ్డ చేతిని యంత్రం "నువ్వు నువ్వు కాదు" అంటుంది. ఎన్నాళ్ళ కిందటో రిజిస్ట్రారాఫీసులో నిక్షేపంగా పడిన ముద్రలోంచి పోతపోసిన దొంగ వేలిని మాత్రం "రా తల్లీ" అని లోపలికి పిలుస్తుంది.

ఒకరోజు తెనాలి జంక్షనులో రైలు ఆలస్యమై బెంచీ మీద కూర్చున్నాను. పక్కన ఇద్దరు పిల్లలు, అన్నదమ్ముల బిడ్డలు. అక్క గుంటూరులో లా చదువుతోంది, రేపల్లె పాసింజరు కోసం చూస్తోంది. తమ్ముడు బాపట్లలో ఇంజనీరింగు. ఇద్దరికీ ఒకటే నాయనమ్మ. ఆవిడ ఖాతాలోంచి పదివేలు పోయాయట. అక్క ఏ సెక్షను కింద కేసు పెట్టాలో చెబుతోంది. తమ్ముడు సెన్సారు ఎలా మోసపోయి ఉంటుందో చెబుతున్నాడు. ఇద్దరూ చక్కగానే చెబుతున్నారు, ఒకరి మాట ఒకరు వినడంలేదంతే.

"ఇంతకీ మీ నాయనమ్మ ఏమంటోందమ్మా?" అన్నాను, ఉండబట్టలేక.

ఆ పిల్ల నవ్వబోయి ఆగిపోయింది. "ఏమంటుందండీ... 'నేను వేలు పెట్టకుండా నా వేలు ఎట్టా పెట్టార్రా?' అని అడుగుతోంది. ఎట్టా చెప్పాలో మా ఇద్దరికీ తెలియడంలేదు" అంది.

ఆ ముసలావిడ ప్రశ్నకి జవాబు ఒక్క లా పుస్తకంలో దొరకదు, ఒక్క ఇంజనీరింగు పుస్తకంలోనూ దొరకదు. 1908నీ, 1998నీ, 2001నీ పక్కపక్కన పెడితేనే దొరుకుతుంది. అలా పక్కపక్కన పెట్టే తరగతి గది కావాలి.

మన కోర్టులు ఈ పాఠం ఎప్పుడో మొదలుపెట్టాయి. 2005లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక తగాదా మీద తీర్పు చెప్పింది. ఒక కంపెనీ తక్కువ ధరకి అంటగట్టిన సెల్‌ఫోన్లలో లోపలి నంబరు మార్చేసి, పోటీ కంపెనీ తన సర్వీసుకి పనికొచ్చేట్టు చేసుకుందని ఆరోపణ. అసలు సెల్‌ఫోను కంప్యూటరవుతుందా, కాదా? దాని లోపలి నంబరు మారిస్తే కంప్యూటరు మూల ప్రోగ్రాముని మార్చినట్టా? జడ్జిగారు ఫోను ఎలా పనిచేస్తుందో, టవరు దాన్నెలా గుర్తుపడుతుందో తీర్పులోనే పేజీలకి పేజీలు పాఠంలా రాశారు. ఫోను కూడా చట్టం చెప్పే కంప్యూటరేనని తేల్చారు. ఈనాడు మన వంటింటి గట్టుమీద పోపులడబ్బా పక్కనుండే ఫోనుకి ఆ గౌరవం అలా వచ్చింది. న్యాయం చెప్పడానికి యంత్రం విప్పి చూడక తప్పలేదన్నమాట.

సమాచార సాంకేతిక చట్టం మన దేశంలో 2000 అక్టోబరు 17న అమలులోకొచ్చింది. ఆనాడు కంప్యూటరు సంతకానికి విలువ ఇచ్చారు గానీ, వీలునామానీ, స్థిరాస్తి అమ్మకాన్నీ మాత్రం పక్కన పెట్టారు. ఆస్తి దగ్గర మన భయం అలాంటిది. 2008లో సవరించి, 2009 అక్టోబరు నుంచి 66-సి అనే సెక్షను తెచ్చారు. ఇంకొకరి పాస్‌వర్డు గానీ, వారికే సొంతమైన ఇంకే గుర్తు గానీ మోసంగా వాడితే మూడేళ్ళ దాకా ఖైదూ, లక్ష దాకా జరిమానా. నాయనమ్మ వేలు ఆ "సొంత గుర్తు" కిందకే వస్తుంది. 2011లో నియమాలు చేసి, వేలిముద్ర వంటివి సున్నితమైన సమాచారమనీ భద్రంగా దాచాలనీ అన్నారు. బాగానే ఉంది. కాకపోతే ఆ నియమాలు కంపెనీలకి చెప్పినవి. వేలిముద్రలు బయటపడ్డది సర్కారు వెబ్‌సైటులో! ఇలాంటి సందులు కనిపెట్టడమే లా చదువు. ఆ సందులోంచి దొంగ ఎలా దూరతాడో ఊహించడం ఇంజనీరింగు చదువు. రెండూ ఒక్క బుర్రలో పడితే ఆ వెబ్‌సైటు కట్టే రోజునే ఎవరో ఒకరు లేచి, "అయ్యా, పొలం వివరాలు అందరికీ చూపించండి, తప్పులేదు. వేలిముద్ర ఎందుకు చూపించడం? దాని మీద నల్లకాగితం అంటించండి" అని ఉండేవారు. అంత చిన్న మాట! దొంగతనాలు బయటపడ్డాకగానీ, ముద్రలు కప్పిపెట్టాలన్న జ్ఞానం కలగలేదు. యంత్రానిదీ అదే వరస. వేలు బతికున్నదా, జిగురుదా అని పసిగట్టే కొత్త ఏర్పాటు ఆధార్ సంస్థ చేసింది 2023 ఫిబ్రవరిలో.

సైబర్ భద్రత అనగానే అదేదో అమెరికా విద్య అనుకోకండి. దొంగకి అబద్ధపు ఎర చూపించి, వాడు దానితో అవస్థపడుతుంటే వాడి పద్ధతులు కనిపెట్టడాన్ని ఆ శాస్త్రంలో "హనీపాట్" అంటారు. తేనెకుండ అన్నమాట. నగలమూట నూతిలో పడేశామని పెళ్ళాంతో గట్టిగా చెప్పి, పొంచి ఉన్న దొంగల చేత తెల్లవార్లూ నీళ్ళు తోడించి అరటిచెట్లకి పారించిన మన రామలింగడి కథ ఇంకేమిటి? తెనాలి పేరు పెట్టుకున్న ఊరివాళ్ళు ఈ శాస్త్రానికి భయపడితే బాగుండదు.

నేను గనక పంతులమ్మనైతే ఏం చేస్తానో చెప్పనా? లా పిల్లల్నీ ఇంజనీరింగు పిల్లల్నీ ఒక్క గదిలో కూర్చోబెడతాను. రేపల్లె నుంచీ, బాపట్ల నుంచీ, గుంటూరు నుంచీ వచ్చే పట్టాలు తెనాలి జంక్షనులో కలవడంలేదూ? రేపల్లె లైను 1916లోనే వచ్చింది. ఈనాటికీ రేపల్లె నుంచి బాపట్లకి రైల్లో వెళ్ళాలంటే తెనాలి వచ్చి మారాల్సిందే. 2022లో రేపల్లె బాపట్ల జిల్లాలో కలిసినా రైలు దారి మాత్రం మారలేదు. అలాగే చట్టం నుంచి యంత్రానికి వెళ్ళడానికి అడ్డదారి లేదు, జంక్షనుకి రావలసిందే. పిల్లల ముందు ఒక్క పాత దస్తావేజు పెడతాను, పేర్లు కొట్టేసి. "ఇందులో లోకానికి చూపవలసిందేది? దాచవలసిందేది? చూపమన్న చట్టమేది? దాచగల ఉపాయమేది? తప్పు జరిగితే నష్టపోయేదెవరు?" అని అడుగుతాను. చివరి ప్రశ్నకి జవాబు రాయనివాళ్ళకి మార్కులు వేయను.

పిల్లలు పట్టాలు పుచ్చుకుని వచ్చేలోగా మనం చేసుకోగలిగినవీ కొన్ని ఉన్నాయి. ఆధార్ సంస్థ వెబ్‌సైటులోగానీ యాప్‌లోగానీ మన వేలిముద్రలకి తాళం వేసుకోవచ్చు. అవసరమైనప్పుడు తీసి, పని కాగానే మళ్ళీ వేసుకోవడమే. ఇంట్లో పెద్దవాళ్ళకి ఆ పని పిల్లల చేత చేయించండి. బ్యాంకు పుస్తకం నెలకోసారైనా చూడండి. డబ్బు పోయినట్టు తెలిస్తే "ఎవరికి చెబుతాంలే" అని మింగేయకుండా వెంటనే 1930కి ఫోను చేయండి, బ్యాంకుకి కాగితం ఇవ్వండి. మన తప్పూ బ్యాంకు తప్పూ కాకుండా మూడోవాడి వల్ల డబ్బు పోతే, మూడు పనిదినాల్లోగా చెప్పినవారి మీద భారం పడకూడదని రిజర్వు బ్యాంకు 2017 జూలైలోనే ఉత్తర్వు ఇచ్చింది. సిగ్గుపడి ఆలస్యం చేసినకొద్దీ నష్టం మనదే. అన్నదమ్ములతో తగువెందుకని హక్కు ఒదులుకున్న తరం మనకి తెలుసు. దొంగతో కూడా తగువెందుకని ఊరుకుంటామా?

పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం, తాళంచెవి పోతే తాళమే మారుస్తాం. దేవుడిచ్చిన బొటనవేలిని మాత్రం మార్చుకోలేం. చదువు రాని రోజుల్లో దాన్ని చూసి సిగ్గుపడ్డాం. ఇప్పుడు చూస్తే అది మెడలో గొలుసంత విలువైనది. మీ ఇంట్లో లా చదివే అమ్మాయో, కంప్యూటర్లు చదివే అబ్బాయో ఉంటే, ఈసారి సెలవలకి వచ్చినప్పుడు ఆ నాయనమ్మ ప్రశ్న వేసి చూడండి. ఇద్దరూ ఉంటే మరీ మంచిది. ఒకరి మాట ఒకరు వినేదాకా కాఫీ ఇవ్వకండి.